బందో, మందో

మార్చి 3, సోమవారం

కొత్త ఉద్యోగంలో మొదటిరోజు. ఇక్కడ చూసింది బయట ఎవరికీ చెప్పకూడదని, ఎక్కడా రాయకూడదని నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇంటికి రాగానే ఈ నోటుబుక్కు తీసి రాస్తున్నాను. ఇది రాయడం కిందికి రాదనుకుంటాను. పదిహేడేళ్ళు బ్లాక్‌బోర్డు మీద రాసిన చెయ్యి. ఊరికే ఉంచితే దస్తూరి పాడవుతుంది, అంతే.

మా బధిరుల పాఠశాల మూసేసి ఏడు నెలలయింది. నాకు పెదవులు చదవడం వచ్చని ఎవరో వీళ్ళ చెవిన వేశారు. అమ్మకి వినబడదు కాబట్టి నాకు మాటలకంటే ముందు ఆ విద్యే వచ్చింది. ఆఫీసు పేరు ప్రజా ప్రశాంతత విభాగం. నా హోదా దృశ్య లేఖకురాలు. పేరు బాగుంది. కుర్చీకే ఒక కాలు పొట్టి. దాని కింద పాత ఫైలు అట్ట మడిచి పెట్టారు.

సూపరింటెండెంటుగారు అద్దాల గదిలో కూర్చుంటారు. మీసం పై పెదవిని పూర్తిగా మింగేసింది. ఆయన మాటలు చెవులతో వినాల్సిందే, చూసి లాభం లేదు.

"ఇళ్ళల్లో మాట్లాడితే మనం వింటామని జనానికి తెలిసిపోయింది టీచరమ్మా" అన్నారాయన. "ఫోన్లలో ఎండ గురించీ వాన గురించీ తప్ప మాట్లాడటం లేదు. ఇప్పుడు సరాసరి మన కెమెరా కిందే నిలబడి చెప్పుకుంటున్నారు. దానికి చెవులుండవని వాళ్ళ ధైర్యం. అందుకే మిమ్మల్ని తీసుకున్నాం."

ఇంట్లో రికార్డుల ఆఫీసులో ఉద్యోగమని చెప్పాను. అబద్ధమేం కాదు. రికార్డు చేస్తారు కదా.

మార్చి 4, మంగళవారం

తెర మీద బస్సు డిపో గేటు. డ్యూటీ దిగిన డ్రైవర్లు, కండక్టర్లు గోడ పక్కన నిలబడి టీ తాగుతున్నారు. ఏడు నెలల తర్వాత ఇంతమంది నోళ్ళు ఒకేసారి చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళలో తమ్ముడిలా ఉన్న ఒకతను కనబడ్డాడు. మాట్లాడుతూ చెవి వెనక గోక్కుంటున్నాడు. తెల్ల చొక్కాకి పైనుంచి రెండో బొత్తాం నీలం. పోయిన వారం తమ్ముడి చొక్కాకి నేను కుట్టింది కూడా అలాంటిదే. ఊళ్ళో నీలం బొత్తాలు చాలామందికి ఉంటాయి.

అతను అన్నది ఇది: "పదహారు గంటల డ్యూటీ ఎత్తెయ్యాలన్నా, పొడుగన్నని వదలాలన్నా, ఇక బందే దిక్కు."

పొడుగన్న అంటే తమ్ముడి డిపోలో డ్రైవరు. పదహారు గంటలు నడిపితే నిద్ర రాదా అని మీటింగులో అడిగాడు. మర్నాడు ఇంటికొచ్చి తీసుకెళ్ళారు. రెండు నెలలయింది. ఎక్కడున్నాడో తెలియదు.

పెదవుల మీద ప, బ, మ మూడూ ఒకటే. పిల్లలకి మొదటి పాఠం అదే చెప్పేదాన్ని. బందే అన్నా మందే అన్నా నోరు ఒక్కలాగే కదులుతుంది. "పదహారు గంటల డ్యూటీకి ఇక మందే దిక్కు" అని రిపోర్టులో రాశాను. మధ్య మాట దగ్గర బస్సు అడ్డొచ్చిందని రాశాను. బస్సు వచ్చింది కూడా, కాస్త తర్వాత.

మార్చి 5, బుధవారం

కళ్ళజోడు పవరు మారినట్టుంది. చూపించుకోవాలి.

మార్చి 6, గురువారం

సార్ పిలిచారు. ఎదురుగా నా మూడు రిపోర్టులు. మూడింట్లోనూ మందు.

"ఏం మందమ్మా ఇది? డ్యూటీలో తాగుతున్నారా?"

ఆ అర్థం నాకు తట్టనే లేదు. తట్టుంటే వేరే మాట వెతికేదాన్ని. "తాగేది కాదు సార్. రాసుకునేది" అన్నాను.

"దేనికి?"

"మోకాళ్ళకి." అది నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక దాన్ని నిలబెట్టాలి కదా. "పదహారు గంటలు క్లచ్చి తొక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి సార్. పొద్దస్తమానం వాళ్ళకి అదే గోల."

సార్ రిపోర్టులు పక్కకి నెట్టారు. టేబుల్ కింద ఆయన చెయ్యి మెల్లిగా ఆయన మోకాలి మీదికే వెళ్ళింది.

"ఎడమదా, కుడిదా?" అన్నారు.

మార్చి 7, శుక్రవారం

తమ్ముడిలా ఉన్నతను తమ్ముడే. నిన్న ఇంట్లో కోసిన జుట్టుతో ఇవాళ తెర మీద కనబడ్డాడు. కత్తెర పట్టింది అమ్మ. అలాంటి మెట్లు ఇంకెవరూ కొయ్యలేరు.

భోజనాల దగ్గర వాడు ఎప్పటిలాగే "ఈ నెల ధరలు బాగా తగ్గాయక్కా" అని పైకి అన్నాడు. అది గోడలకోసం. రోజుకొకసారి అలాంటిదేదో అనడం మా ఇంట్లో అలవాటు. అసలు మాటలు చేతులతోనే. మా ఇంటి సంభాషణ వినేవాళ్ళకి చెంచాల చప్పుడు తప్ప ఏమీ దొరకదు. అయినా వాడు చేతులతో కూడా బంద్ మాట ఎత్తలేదు. నేనూ ఆఫీసు మాట ఎత్తలేదు. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

మార్చి 11, మంగళవారం

"ఆ మందేమిటో ఇవాళైనా అన్నారా?" సార్ ఇలా అడగడం ఇది నాలుగోసారి.

ఇంకెన్నాళ్ళు దాటేస్తాను? వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టుకుని, తర్వాత ఇరవై అడుగులు వెనక్కి నడవాలంటున్నారు సార్ అన్నాను. ఉప్పు మూట అమ్మది. వెనక్కి నడవడం నాది. ఎందుకు కలిపానో తెలియదు. ఒట్టి ఉప్పు మూటైతే నమ్మరేమో అనిపించింది.

మార్చి 12, బుధవారం

సార్ తలుపు వేసుకున్నారు. కానీ అద్దాల గది కదా. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వెనక్కి నడిచారు. రెండోసారి బీరువాకి గుద్దుకున్నారు.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ తమ్ముడు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి నవ్వాడు. రెండు నెలల్లో వాడు నవ్వడం ఇదే.

"డిపోకి డాక్టరు వచ్చాడమ్మా, పై నుంచి ఆర్డరట" అని చేతులతో చెప్పాడు. "వరసగా నిలబెట్టి అందరి మోకాళ్ళూ చిన్న సుత్తితో తట్టాడు. చిల్లరక్క మోకాలు తడితే కాలు లేచి డాక్టరు కళ్ళజోడుకి తగిలింది. ఒక్కొక్కరికీ ఒక సీసా తైలం ఇచ్చి పోయాడు. పొడుగన్న ఎక్కడని అడిగితే జవాబివ్వని వాళ్ళు, అడక్కుండా మోకాళ్ళకి తైలం ఎందుకిచ్చారో ఎవరికీ అర్థం కాలేదు."

చిల్లరక్క అంటే వాళ్ళ డిపోలో పెద్ద కండక్టరు. చిల్లర లేదన్నవాడిని ఏ మంత్రినైనా సరే బస్సు దింపేస్తుందని పేరు.

అమ్మ వాడి చేతులు చూడటం లేదు. నా ముఖం చూస్తోంది. నేను సీసా తీసుకుని మూత బాగుందన్నాను.

మార్చి 17, సోమవారం

ఇవాళ చిల్లరక్క టీ గ్లాసు పట్టుకుని కెమెరా కిందికి వచ్చి, తలెత్తి, నా కళ్ళలోకి చూసింది. ఆవిడకి కనబడేది ఇనప డబ్బా. అయినా నా కళ్ళలోకే చూసింది. గొంతు లేకుండా, చంటిపిల్లకి చెప్పినట్టు ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"పైన. ఉన్నది. ఎవరో. తెలియదు. మేం అనుకున్నది ఒకటి, తైలం వచ్చింది. అంటే మా నోళ్ళు చూసేవాళ్ళు ఎవరో ఉన్నారు, చూసి వేరేది చెబుతున్నారు. నీకు దణ్ణం. మోకాళ్ళు ఇక చాలు. ఆ డాక్టరు మళ్ళీ వస్తే నవ్వాపుకోలేం."

రిపోర్టు: "మహిళా కండక్టరు ఒకరు ఆకాశం చూసి వాన వస్తుందేమో అన్నారు."

నేనెవరికీ సాయం చెయ్యలేదు. ఇది స్పష్టంగా రాసుకోవాలి. నేను ఉద్యోగం చేస్తున్నాను.

మార్చి 18, మంగళవారం

నడుము నొప్పి.

(నాకు కాదు. రిపోర్టులో.)

మార్చి 20, గురువారం

పెదవులు చదివేవాళ్ళని పెట్టారని ఊరంతా పొక్కింది. ఒక్క వారంలో మగవాళ్ళందరికీ మీసాలు. పెట్టుకున్నవో పెంచుకున్నవో తెలియదు, కొన్ని గాలికి ఒకవైపు లేస్తున్నాయి. ఆడవాళ్ళందరికీ జలుబు. ముక్కుకీ మూతికీ రుమాళ్ళు. మార్కెట్టు వీధి తెర చూసే గుమాస్తా తల పట్టుకు కూర్చున్నాడు.

సాయంత్రానికి పై నుంచి ఉత్తర్వు. పౌరులందరి పై పెదవి పగటిపూట స్పష్టంగా కనబడాలి. ప్రభుత్వోద్యోగులు రేపటినుంచే పాటించి ఆదర్శంగా నిలవాలి.

సార్ ఉత్తర్వు రెండుసార్లు చదివారు. మీసాన్ని రెండు వేళ్ళతో నిమిరారు. ఇరవై ఆరేళ్ళ మీసమట.

మార్చి 21, శుక్రవారం

గేటు దగ్గర ప్యూను సార్‌ని ఆపి, "ఎవరు కావాలి బాబూ?" అన్నాడు.

మార్చి 24, సోమవారం

మీసం పోయాక సార్ పెదవులు బయటపడ్డాయి. సన్నగా ఉన్నాయి, నిలకడ లేని పెదవులు. చూడాలని చూడలేదు. అద్దం అవతల ఫోను పట్టుకుని నావైపు తిరిగి మాట్లాడుతుంటే కళ్ళు మూసుకోలేను కదా.

"అవునండి... ఒక్క మనిషి మాట మీదే ఆధారపడటం... నిజమేనండి... రెండో మనిషిని గురువారం పిలిపిస్తాను. ఒకే బొమ్మ ఇద్దరికీ వేరు వేరు గదుల్లో వేస్తాను. తేడా వస్తే ఆవిణ్ణి కూడా ఆ పొడుగువాడి దగ్గరికే... చిత్తం."

ఫోను పెట్టేశాక చెమట తుడుచుకుని, నావైపు చూసి నవ్వారు. "టీ తాగారా టీచరమ్మా?" అన్నారు. తాగానన్నాను. తాగలేదు.

మార్చి 25, మంగళవారం

పొడుగన్నని నేనొకసారి చూశాను. బస్సులో అమ్మని ఎక్కించుకోవడానికి, స్టాపు కాకపోయినా ఆపాడు.

మార్చి 26, బుధవారం

తేదీ ఖాయం చేసుకున్నారు. వచ్చే గురువారం, తెల్లవారి మొదటి బస్సు నుంచి. తమ్ముడే చెప్పాడు, కెమెరా వైపు తిరిగి మరీ, పైనున్న మనిషి మనమనిషేనన్న ధీమాతో.

అంత ధీమా ఎవరు ఉండమన్నారు వాణ్ణి?

మార్చి 27, గురువారం

నిజం రాశాను.

మళ్ళీ రాస్తాను, సరిగ్గా. ఉదయం పదింటికి నిన్నటి బొమ్మే వేశారు. పక్క గదిలో రెండో మనిషికి కూడా అదే వేశారు. నా చేతిలో పెన్ను. రెండో మనిషి ఎవరో ఏమిటో తెలియదు. ఆ మనిషి బంద్ అని రాసి నేను మందని రాస్తే నా గతేమిటో తెలుసు. "వచ్చే గురువారం మొదటి బస్సు నుంచి బంద్" అని రాశాను. పేర్లు రాయలేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. అడిగితే రాసేదాన్నో లేదో ఈ పుస్తకంలో కూడా రాయలేను.

కాగితం ఇచ్చి బయటికొచ్చాను. పక్క గది తలుపు తెరుచుకుంది. చేతిసంచీ చంకన పెట్టుకుని అమ్మ వచ్చింది.

నేనటు రాగానే ఇంటికి జీపు పంపారట. బధిరుల సంఘం జాబితాలో పెదవులు చదివేవాళ్ళు నలుగురే. ఇద్దరు పోయారు, ఒకాయన దేశం వదిలి వెళ్ళాడు, మిగిలింది అమ్మ. ఇద్దరి చిరునామా ఒకటే ఉందేమిటని సార్ అడిగితే గుమాస్తా అది టైపింగు పొరపాటన్నాడట.

సార్ మా ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టి రెండు కాగితాలూ ముందు పెట్టారు. నాది: బంద్. అమ్మది: "డ్రైవర్లు మందు గురించి మాట్లాడుకుంటున్నారు. వచ్చే గురువారం మొదటి బస్సు ఎక్కేముందే రాసుకుంటారట. ఇందులో కుర్రాడొకడికి జుట్టు బాగా కత్తిరించారు."

అమ్మ నా కాగితం చూసింది. ఒక్క క్షణం. తర్వాత చేతులు లేపి తిట్టడం మొదలుపెట్టింది. నా చిన్నతనం తర్వాత అంత వేగంగా ఆ చేతులు కదలడం చూడలేదు.

"ఏమంటున్నారు?" అన్నారు సార్.

ఆ గదిలో అమ్మ భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "నాకు కళ్ళు పోయాయంటున్నారు సార్."

"ఇంకా?"

"నాలాంటిదాన్ని పెట్టుకున్నవాళ్ళకి కూడా పోయాయంటున్నారు."

అమ్మ ఆయన చెయ్యి తట్టి, తన పెదవులు చూడమని సైగ చేసింది. గొంతు లేకుండా రెండు మాటలు పలికింది. ఏది బందో ఏది మందో చెప్పమని వేళ్ళు చూపించింది. సార్ మొదటిది బంద్ అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పలికింది. రెండోది అన్నారు. మళ్ళీ అడ్డంగా. ఆరుసార్లు ఆడారు. సార్ ఒక్కసారి కూడా గెలవలేదు. అమ్మ ఆరుసార్లూ రెండు మాటలూ మందనే అంటోందేమో, చూసి చెప్పడం నాకూ రాదు.

చివరికి అమ్మ కాగితం మీద రాసింది: "పదిహేడేళ్ళు పాఠాలు చెప్పింది. ఇంకా బకీ మకీ తేడా తెలియదు."

సార్ లేచి బీరువా తెరిచారు. నా పాత రిపోర్టుల కట్ట తీసి లెక్కపెట్టారు. "పదిహేడు రిపోర్టులు మందు" అన్నారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "పదిహేడింటి మీదా నా సంతకం ఉంది. వాటిని నమ్మి మంత్రిగారు డాక్టర్ని పంపారు. తైలం పంపారు. నా పనితనం బాగుందని ఉత్తరం కూడా రాశారు." కట్టని ఒక చేత్తో, నా కొత్త కాగితాన్ని ఇంకో చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆ సన్నటి పెదవులు కదిలాయి. శబ్దం లేదు. నేను చదివాను: "ఇది నిజమైతే నేను చచ్చాను."

తర్వాత పైకి అన్నారు. "ఇది అక్షరదోషం."

నా కాగితాన్ని నాలుగుగా చింపి తన జేబులోనే పెట్టుకున్నారు. చూపు మందగించినందుకు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. సోమవారం నుంచి ఆ కుర్చీలో అమ్మ.

మార్చి 28, శుక్రవారం

అమ్మ తిట్టలేదు. అడిగింది కూడా లేదు. కాయగూరలు తరుగుతూ, కత్తి పక్కన పెట్టి చేతులతో అంది: "భయమేస్తే నీకు దస్తూరి చక్కగా వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. కాగితం చూడగానే తెలిసింది."

"తమ్ముడికి చెబుతావా?"

"ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి" అని మళ్ళీ కత్తి తీసుకుంది.

మార్చి 31, సోమవారం

అమ్మ తొమ్మిదిన్నరకే తయారైంది. కుర్చీ కాలు పొట్టి అని చెప్పాను. సాయంత్రం వచ్చాక ఏం చూశావని అడిగితే, ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదంది. నాలుగు సంతకాలు పెట్టిందట.

ఏప్రిల్ 3, గురువారం

ఒక్క బస్సు తిరగలేదు. ఊళ్ళో హారన్లు లేకపోయేసరికి మనుషుల అడుగుల చప్పుడు వినబడింది.

తొమ్మిదింటికి డిపోకి నడిచి వెళ్ళాను. గేటు బయట గోడ వారగా వరస కట్టి నిలబడ్డారు. మీసాలు లేవు, రుమాళ్ళు లేవు. తమ్ముడు నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావక్కా? కెమెరా ఉంది" అన్నాడు.

"తెలుసు. దాని వెనక ఉన్నది నేనే" అన్నాను. అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. మోకాళ్ళు నేనే రాశానని చెప్పాను. వాళ్ళు నవ్వబోయారు. నవ్వేలోపు మిగతాది కూడా చెప్పాను. గురువారం తేదీ రాసి ఇచ్చానని, వాడి పేరు అడగలేదు కాబట్టి రాయలేదని, అడిగితే ఏం చేసేదాన్నో తెలియదని.

తమ్ముడి ముఖం చూడలేక వాడి నీలం బొత్తాం చూస్తూ నిలబడ్డాను.

చిల్లరక్క అంది, "పోయిన నెల నన్నూ పిలిచారు. ఎవరెవరు గొణుగుతున్నారని. ఇద్దరి పేర్లు రాసిచ్చి వచ్చాను. అందులో ఒకడు వీడే." పక్కనున్న మెకానిక్కుని చూపించింది.

మెకానిక్కు నేల చూస్తూ, "నేను నీది రాశాను" అన్నాడు.

వరసలో ఎవరో దగ్గారు. ఇంకెవరో మెల్లిగా, "నేను పొడుగన్న ఇల్లు చూపించాను. వీధి పేరు చెప్పమన్నారు, చెప్పాను" అన్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. ఎవరూ వాణ్ణి కొట్టలేదు. ఓదార్చలేదు.

"రాయనివాళ్ళని ఏరుకుని వరస కట్టాలంటే ఇక్కడ గోడ ఒక్కటే మిగులుతుంది" అంది చిల్లరక్క. "నిలబడతావా, పోతావా?"

తమ్ముడు నావైపు చూడలేదు. కానీ ఒక అడుగు పక్కకి జరిగాడు. అక్కడ నిలబడ్డాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

నిలబడ్డాం. తమ్ముడు మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. మధ్యాహ్నం, "ఎండగా ఉంది, ఇటు రా" అన్నాడు.

ఏప్రిల్ 6, ఆదివారం

నాలుగో రోజు. పొద్దున రేడియోలో చెప్పారు. ప్రభుత్వం దయతలచి డ్యూటీ మళ్ళీ ఎనిమిది గంటలు చేసిందట. ఎవరూ అడగకుండానే చేసిందట. డ్రైవర్ల ఆరోగ్యం దృష్ట్యా.

పొడుగన్న వస్తే తప్ప గేటు తియ్యం అన్నారు వీళ్ళు. పదకొండింటికి ఒక జీపు వచ్చి సందు మొదట్లో ఆగింది. ఒక మనిషి దిగాడు. మొదట ఎవరూ పోల్చుకోలేదు, అంతగా వంగిపోయాడు. నడిచి దగ్గరికొచ్చాక, వరసని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, "బస్సులేవి? నేను ఇల్లెలా చేరేది?" అన్నాడు. వీధి పేరు చెప్పినతను వెళ్ళి ఆయన చేతిలో మూట అందుకున్నాడు. పొడుగన్న ఇచ్చాడు. తెలిసి ఇచ్చాడో తెలియక ఇచ్చాడో.

అప్పుడు నేను తలెత్తి కెమెరా వైపు చూశాను. ఇవాళ సెలవు రోజైనా అమ్మని పిలిపించారు. ఇంట్లో పది రోజులుగా చెయ్యి కదిపి చెప్పలేనిది, గొంతు లేకుండా చెప్పాను. ఇక్కడ రాయను. ఆ మాట అమ్మది.

సాయంత్రం అమ్మ వచ్చి, చేతిసంచీ మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది. ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పదు కదా అని నేనేమీ అడగలేదు. గ్లాసు కింద పెట్టి తనే చేతులు ఎత్తింది.

"ఇవాళ నీ గురించి రిపోర్టులో ఒక వాక్యం రాయాల్సి వచ్చింది."

"ఏమని?"

"గేటు దగ్గర ఒకామె బస్సు కోసం ఎదురుచూస్తూ, కంట్లో దుమ్ము పడి ఏదో గొణుక్కుంది. విశేషమేమీ లేదు."

"నాలుగు రోజులుగా బస్సులే లేవు కదమ్మా."

"అందుకే అంతసేపు ఎదురుచూసింది" అంది అమ్మ, నా కన్ను తుడుస్తూ.